ఇంటి ప్రధాన నీటి వాల్వు

ఇంట్లోని కుళాయిలన్నింటికీ వెళ్లే నీటిని ఒక్కచోట ఆపే సాధనం ప్రధాన వాల్వు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా గేట్ వాల్వే కనిపిస్తుంది కాబట్టి ప్రధాన వాల్వును ఆ పేరుతోనే పిలుస్తారు. పైపు పగిలినా, కుళాయి తల ఊడి చేతికొచ్చినా, గీజరు మార్చాలన్నా ముందుగా కట్టాల్సింది దీన్నే.

గొట్టాల్లో ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో నీరుండే దేశాల్లో ఈ వాల్వు వీధి పైపు ఇంట్లోకి వచ్చేచోట ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో చాలాచోట్ల నీళ్లు వదిలేది రోజుకు కొద్దిసేపే. కొన్ని పేటల్లో రోజు విడిచి రోజు. వచ్చినప్పుడు సంపులో పట్టి, మోటారుతో డాబా మీది ట్యాంకుకు ఎక్కించి, అక్కణ్నుంచి వాడుకుంటారు. అందుకే ఇక్కడ అసలు వాల్వు గేటు దగ్గర ఉండదు, డాబా మీద ఉంటుంది. మీటరు పక్కన ఉన్నదాన్ని కట్టేసి, నీళ్లు ఆగలేదేమిటని కంగారుపడటం మామూలే. అది సంపులోకి వచ్చే నీటిని మాత్రమే ఆపుతుంది. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా ఉంటే, అది ఖాళీ అయ్యేదాకా పగిలిన పైపు కారుతూనే ఉంటుంది.

ట్యాంకు దగ్గర గుర్తుపట్టడం

ట్యాంకుకు తగిలించిన పైపులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పనులు మాత్రం వేరు. మూతకు దగ్గరగా, పైభాగంలో కలిసేది మోటారు నుంచి వచ్చే పైపు. దాదాపు అదే ఎత్తులో ఉండి చివర తెరిచి ఉన్నది ట్యాంకు నిండాక నీరు పొర్లిపోయే ఓవర్‌ఫ్లో. అడుగుకు కాస్త పైనుంచి బయలుదేరి కిందికి దిగేది ఇంట్లోకి నీరిచ్చే ఔట్‌లెట్. కావలసిన వాల్వు దాని మీదే ఉంటుంది. మరీ అడుగున డమ్మీతో గాని చిన్న వాల్వుతో గాని మూసి ఉన్నది ట్యాంకు కడిగినప్పుడు మురికి వదలడానికి. తొందరలో దాన్ని తిప్పితే నీళ్లన్నీ డాబా పాలవుతాయి.

ఇంకో మంచి గుర్తు ఎయిర్ పైపు. ఔట్‌లెట్ వాల్వు దాటిన వెంటనే నిట్టనిలువుగా లేచి, ట్యాంకు కంటే ఎత్తులో మూత లేకుండా నిలబడుతుంది. పైపుల్లో గాలి చిక్కుకోకుండా చూడటం దాని పని. అది ఉన్నచోట వాల్వు కూడా దగ్గర్లోనే ఉంటుంది. వాల్వు కట్టినప్పుడు ఈ పైపు గుండానే గాలి లోపలికి వెళ్లి, దిగువ గొట్టాల్లో మిగిలిన నీరు జారిపోతుంది. కాబట్టి కట్టిన మరుక్షణం ధార ఆగకపోతే వాల్వు పాడైందనుకోనక్కర్లేదు. కింది అంతస్తు కుళాయి తిప్పి పెడితే మిగిలిన నీరు త్వరగా దిగిపోతుంది.

ఒకే వాల్వుతో పని పూర్తికాని ఇళ్లూ చాలా ఉన్నాయి. బోరు నీళ్లకొక ట్యాంకు, మునిసిపల్ నీళ్లకొక ట్యాంకు పెట్టుకుంటే రెండు ఔట్‌లెట్లూ చూడాలి. వంటింట్లోనో పెరట్లోనో మంచినీళ్ల కోసం వీధి పైపు నుంచి నేరుగా వేయించుకున్న కుళాయి ట్యాంకు వాల్వుకు లొంగదు. దానికి మాత్రం మీటరు దగ్గరిదే కట్టాలి. సోలార్ హీటరుంటే వేడినీళ్ల ట్యాంకుకు వేరే వాల్వు ఉంటుంది, దాన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

అపార్ట్‌మెంట్లలో చిక్కు మరో రకం. ఒక్కో స్నానాలగదికీ వంటింటికీ వేర్వేరు పైపులు షాఫ్ట్‌లో దిగుతాయి కాబట్టి చాలా ఫ్లాట్లలో ప్రధాన వాల్వు అనదగ్గది ఒకటంటూ ఉండదు. గది గోడలో బిగించిన కన్సీల్డ్ వాల్వు ఆ గది వరకే ఆపుతుంది. షవరు కంటే, గీజరు కంటే ఎత్తున, గుండ్రటి పిడితో కనిపించేది చాలావరకు అదే. వాష్‌బేసిన్ కిందనో కమోడ్ పక్కనో కారుతుంటే అక్కడి యాంగిల్ వాల్వు కడితే చాలు, డాబా ఎక్కే పనిలేదు. పైన వరుసగా ఉన్న వాల్వుల్లో ఏది ఎవరిదో చెప్పే ఫ్లాట్ నంబర్లు ఎండకు వెలిసిపోతాయి. ఒకరు పైన కడుతూ, మరొకరు కింద కుళాయి చూస్తూ ఫోన్లో చెప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. ఒకసారి తేలాక ఆయిల్ పెయింటుతో రాసి పెట్టుకోవాలి.

రకాలు, మొరాయింపులు

గేట్ వాల్వుకు చక్రం ఉంటుంది. కుడివైపు తిప్పుతూ పోతే లోపలి బిళ్ల కిందికి దిగి దారి మూసేస్తుంది. నీటి సరఫరాకు వాడే ఇత్తడి, గన్‌మెటల్ రకాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 778. బాల్ వాల్వుకు చక్రం బదులు పిడి ఉంటుంది. పిడి పైపు వెంట ఉంటే నీరు పారుతున్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే ఆగినట్టు. పావు చుట్టులో పని అయిపోతుంది, పరిస్థితి చూడగానే తెలుస్తుంది. కొత్తగా పెట్టించుకునేవారికి బాల్ వాల్వే మేలు.

బోరు నీటిలోని సున్నం పేరుకుని గేట్ వాల్వులు బిగుసుకుపోతాయి. ఏళ్ల తరబడి ముట్టుకోనిదాన్ని పైపు పానాతో బలవంతంగా తిప్పితే కడ్డీ విరుగుతుంది. చక్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉండి నీరు ఆగడం లేదంటే బిళ్ల ఊడి ఉండొచ్చు, ఇక మార్చాల్సిందే. ధార తగ్గించుకోవడానికి గేట్ వాల్వును సగం తెరిచి ఉంచే అలవాటు మంచిది కాదు. నీటి ఒరిపిడికి బిళ్ల అంచు అరిగి, కట్టినా కారుతుంది.

ఇతర దేశాల్లో

బ్రిటన్ ఇళ్లలో ఈ వాల్వు ఎక్కువగా వంటగది సింకు కింద దొరుకుతుంది. అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో నీరు గడ్డకట్టకుండా బేస్‌మెంట్‌లో, వీధి వైపు గోడ దగ్గర పెడతారు. తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో బేస్‌మెంట్లు అరుదు. గ్యారేజీలోనో, బయటి గోడ మీదనో, రోడ్డంచున నేలలో ఉండే మీటరు పెట్టెలోనో వెతకాలి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఆ రాష్ట్రంలో అసంఖ్యాకంగా పైపులు పగిలాయి.

ఇల్లు ఎక్కడున్నా, నీరు స్విచ్ బోర్డుల దాకా వస్తుంటే వాల్వు కంటే ముందు కరెంటు మెయిన్ ఆపాలి, అదీ పొడి నేల మీద నిలబడి చేయగలిగితేనే. నీరు కట్టేసినప్పుడు గీజరు స్విచ్ కూడా ఆపేయాలి. అద్దెకు దిగేవారు వాల్వు ఏదో చూపించమని ఇంటివారిని మొదటిరోజే అడగాలి, డాబా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా తెలుసుకోవాలి.