‘చందమామ’ కథకులు, చిత్రకారులు

మన నరసరావుపేట, మాచర్ల, గురజాల పెద్దలలో చిన్ననాఁడు ‘చందమామ’ చదివినవారు మెండు. నాగిరెడ్డిగారును, చక్రపాణిగారును 1947 జూలైలో మదరాసున దానిని స్థాపించిరి. పిల్లల పత్రికయే, కాని తండ్రులే ముందు చదివి పిదప పిల్లల కిచ్చెడివారు.

ఆ పత్రికాభిమానులకు బొమ్మలు వ్రాసినవారి పేళ్లు కంఠస్థములు. బేతాళకథల మొదట శంకరుగారు వ్రాసిన విక్రమార్కుఁడు చేతఁ గత్తి, భుజమున శవముతో నడచుచుండును. 1954లో వెలువడిన ‘తోకచుక్క’ మొదలగు ధారావాహికములలోని కోటలు, గుహలు, వింతమృగములు చిత్రాగారివి. బొమ్మయందు సంతకము గలదు.

మఱి యా ధారావాహికములు వ్రాసినవా రెవరు? దాసరి సుబ్రహ్మణ్యముగారు. తెనాలి ప్రాంతమువారు, 2022లో పల్నాడు వేఱు జిల్లా యగువఱకు మన గుంటూరు జిల్లావారే. 1952లోఁ బత్రికలోఁ జేరి యర్ధశతాబ్దికిఁ బైగాఁ బనిచేసిరి. కథలపై వారి పేరు పడలేదు. 1980లో గతించువఱకు కథలన్నిటిని దిద్ది యొక తీరునకుఁ దెచ్చిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరును సంపాదకునిగా నచ్చుకాలేదు. అది యచ్చటి యాచారము. నాకు మాత్ర మది న్యాయముగాఁ దోఁపదు. పల్నాటి వీరచరిత్రము శ్రీనాథునిదా కాదా యని పండితులు వాదింతురు; అయినను దానికిఁ జెప్పుకొన నొక పేరున్నది.

చిత్రాగారు 1978లోను, సుబ్రహ్మణ్యముగారు 2010లోను గతించిరి. పిమ్మట నభిమానులు పూనుకొనఁగా నాయన కథలు కొన్ని యాయన పేరిటనే పుస్తకములుగా వెలువడినవి.