కాకుల్ని తోలే వయసు

ఏప్రిల్ వచ్చిందంటే మా అనకాపల్లి గోడల మీద నూకాలమ్మ జాతర పోస్టర్ల పక్కనే సమ్మర్ క్యాంపు పోస్టర్లు వెలుస్తాయి. అబాకస్, వేదిక్ మేథ్స్, చేతిరాత, స్పోకెన్ ఇంగ్లీష్, ఇప్పుడు కొత్తగా కోడింగ్. క్యాంపు అనే మాటకి విడిది, గుడారం అనే అర్థం ఉందన్న సంగతి మనవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. పొద్దున్న ఎనిమిదింటికి ఆటోలో దింపితే పన్నెండింటికి మళ్ళీ ఎక్కించుకొచ్చేదే మన క్యాంపు.

ఆ మధ్య ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాటే వచ్చింది. ఒకాయన పదమూడేళ్ళ కొడుకుని వేరే పిల్లలతో కలిపి పది రోజుల ట్రెక్కింగ్ కి పంపాలా వద్దా అని తెగ ఆలోచిస్తున్నాడు. పక్కనున్న మేడం ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఇవన్నీ అమెరికా వాళ్ళ అలవాట్లండీ, మన సంస్కృతిలో లేవు." మన సంస్కృతి అనేసరికి ఇక ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. ఎందుకంటే మా ఊరికి కూతవేటు దూరంలోనే దానికి జవాబు ఉంది, అదీ కొండ రాయిలో చెక్కి మరీ.

అనకాపల్లి నుంచి మూడు కిలోమీటర్లు వెళితే శంకరం అనే ఊరొస్తుంది. అక్కడ పక్కపక్కనే రెండు గుట్టలు: బొజ్జన్నకొండ, లింగాలకొండ. మా వైపు వాళ్ళకి బొజ్జన్నకొండంటే కనుమ రోజు తీర్థం. పెద్దవాళ్ళు వెంట లేకుండా, జట్టుగా వెళ్ళి రావడానికి గుంటలకి ఇంట్లో పర్మిషన్ దొరికే ఒకే ఒక్క రోజు అది. మిగతా రోజుల్లో "ఒక్కడివే ఏటెళ్తావురా" అనే. ఊరి పేరు శంకరం అనగానే శివుడు గుర్తొస్తాడు గానీ, అది సంఘారామం అనే మాట అరిగి అలా అయిందని చరిత్రకారులు చెబుతారు. సంఘారామం అంటే బౌద్ధ భిక్షువుల విడిది. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వకాలు జరిపితే కొండ మీద ఇటుకలతో కట్టిన విహారాలు, స్తూపాలు బయటపడ్డాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఒకటి దొరికింది. క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం వరకు అక్కడ మనుషులు ఉన్నారని లెక్క.

అలాంటి చోట్ల ఉన్నవాళ్ళంతా గడ్డాలు నెరిసినవాళ్ళు అనుకుంటే పొరపాటే. బౌద్ధ సంఘంలో ఇరవై ఏళ్ళు నిండితే గానీ పూర్తి భిక్షువు కాలేరు. అంతకంటే చిన్నవాళ్ళని సామణేరులు అంటారు. సామణేరుడిగా చేరడానికి పదిహేనేళ్ళుండాలన్నది నియమం. దానికి ఒక మినహాయింపు ఉంది, నాకు భలే నచ్చింది. వినయ పిటకంలో వస్తుంది. ఒక కుటుంబంలో పెద్దవాళ్ళంతా జబ్బు చేసి పోతే ఇద్దరు పిల్లలు మిగులుతారు. పదిహేనేళ్ళు లేవు కాబట్టి వాళ్ళని చేర్చుకోవడం కుదరదు. ఆనందుడు వెళ్ళి బుద్ధుడితో మాట్లాడతాడు. "ఆ పిల్లలు కాకుల్ని తోలగలరా?" అని బుద్ధుడు అడుగుతాడు. తోలగలరు. అయితే చేర్చుకోవచ్చు అంటాడు. వయసుకి లెక్క పుట్టిన తేదీ ఒక్కటే కాదన్నమాట, ఏం చేయగలడన్నది కూడా!

ఇంకో నియమం కూడా అప్పుడే వచ్చింది. రాహులుడిని చిన్నతనంలోనే సంఘంలో చేర్చుకున్నాక తాత శుద్ధోదనుడు వచ్చి, ఇది కన్నవాళ్ళకి ఎంత బాధో చెప్పుకుంటాడు. అప్పటి నుంచి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరినీ చేర్చుకోకూడదని రూలు పెట్టారు. ఈ రోజుల్లో టూర్ కి వెళ్ళే ముందు నాన్న సంతకం పెట్టే కాగితం ఉంటుందే, దానికి ముత్తాత ఇదేనేమో.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలైనది నిస్సయం అనే పద్ధతి ఒక ఎత్తు. భిక్షువైనా సరే, ఎంత తెలివైనవాడైనా సరే, కనీసం అయిదేళ్ళు ఒక గురువు నీడలో ఉండాలి. వర్షాకాలం మూడు నెలలు ఒకచోట ఉంటారు, మిగతా కాలంలో నడక. ఆ నడకలో కొత్తవాడికి దారి, భిక్ష, జబ్బు, తోటివాడితో తగువు అన్నీ ఎదురవుతాయి, కానీ పక్కన జవాబుదారీ ఒకడుంటాడు. అయిదేళ్ళ తర్వాత చేతనైనవాడిని వదిలేస్తారు. ఇల్లు వదిలిన రోజునే స్వతంత్రం వచ్చేసినట్టు కాదు, అదొక అప్రెంటిస్ షిప్.

ఇక అమెరికా వాళ్ళ అలవాటు అన్నదాని సంగతి. ఇప్పుడు మనం చూసే పిల్లల క్యాంపులకి అమెరికాలో వేరే పాత చరిత్ర ఉంది గానీ, మన దేశానికి వచ్చింది ఎక్కువగా ఇంగ్లండు దారినే. రీ గారు శంకరంలో తవ్వుతున్న 1907లోనే, ఆగస్టు నెలలో బేడెన్ పావెల్ ఇరవై మందికి అటూ ఇటూగా మగపిల్లల్ని బ్రౌన్సీ అనే చిన్న దీవికి తీసుకెళ్ళి గుడారాల్లో ఉంచాడు. సగం మంది పెద్దింటి బిడ్డలు, సగం మంది కూలీనాలీ చేసుకునేవాళ్ళ పిల్లలు. కావాలనే కలిపాడు. చిన్న చిన్న జట్లు చేసి ప్రతి జట్టుకీ వాళ్ళలోనే ఒకడిని నాయకుడిని చేశాడు. స్కౌట్లు అలా మొదలయ్యాయి. 1909కే బెంగుళూరులో స్కౌట్లు వచ్చారు, కానీ తెల్లవాళ్ళ పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్లకీ మాత్రమే. మన పిల్లలకి చోటు లేదు. దాంతో 1916లో మద్రాసులో అనీబిసెంట్ భారతీయ పిల్లల కోసం విడిగా స్కౌట్ సంఘం పెట్టింది. తర్వాత ఉత్తరాన మదనమోహన మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ ఇంకోటి పెట్టారు. ఇవన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1949లో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వచ్చింది. మన ఆఫీసుల్లో సగం మంది ప్రొఫైల్ ఫోటోల్లో కనిపించే సార్ పాస్ మంచు దాని చలవే :)

గమనించాల్సిందేంటంటే, ప్రతిసారీ గొడవ "పిల్లల్ని పంపాలా" అన్నదాని మీద కాదు, "ఎవరి పిల్లల్ని" అన్నదాని మీదే. ఇక్కడే మన సొంత కథ మొదలవుతుంది.

1971లో ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి.నరసింహారావు నల్గొండ జిల్లా సర్వేల్ లో గురుకుల పాఠశాల పెట్టించారు. ఆ బాటలోనే తర్వాత దళిత, గిరిజన పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. వీటి వెనక ఎస్.ఆర్.శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారుల చెమట ఉంది. 2012లో ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ ఆ సొసైటీకి కార్యదర్శిగా వచ్చారు. 2013లో వంద మందికి పైగా గురుకుల విద్యార్థుల్ని భువనగిరి కోట ఉన్న ఏకశిల దగ్గరికి పంపి, శేఖర్ బాబు అనే పర్వతారోహకుడి దగ్గర రాళ్ళెక్కడం నేర్పించారు. అందులోంచి ఇరవై మందిని డార్జిలింగ్ లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్స్టిట్యూట్ కి పంపారు. అక్కడ రెనాక్ శిఖరం ఎక్కించారు. అందులో కొందరిని గడ్డ కట్టే చలికాలంలో లడఖ్ తీసుకెళ్ళారు. చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి నుంచి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. పూర్ణ వాళ్ళ అమ్మానాన్నలు కూలీలు, ఆనంద్ వాళ్ళ నాన్న సైకిళ్ళు బాగుచేస్తాడు.

2014 ఏప్రిల్ లో వాళ్ళు బయలుదేరారు. పదహారేళ్ళలోపు పిల్లలకి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ హిమపాతంలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారు. ఆ వార్త చూశాక కూడా వెనక్కి పిలవలేదు. తప్పా ఒప్పా? పదమూడేళ్ళ పిల్లతో ఈ ఆటలేంటని అప్పుడే చాలామంది అడిగారు, అడగాల్సిందే కూడా. నా మటుకు నాకు ఎవరెస్టు అనేది ఆ వయసుకి ఎక్కువే అనిపిస్తుంది, ఈ రోజుకీ. మే 25 పొద్దున పూర్ణ శిఖరం మీద నిలబడింది. అప్పటికి పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది. ఆనంద్ కూడా ఎక్కాడు. జెండాతో పాటు అంబేద్కర్ ఫోటో, శంకరన్ ఫోటో పైకి తీసుకెళ్ళారు. వాళ్ళు బయలుదేరేటప్పటికి ఒకటే రాష్ట్రం, జూన్ 2 తర్వాత రెండు.

ఆ ఏడాది ఎంసెట్ మే 22న జరిగింది. నేనూ రాశాను. అంటే ఆనంద్ దాదాపు నా ఈడువాడే. మన ఈడువాళ్ళలో చాలామంది లాగే నేనూ ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉన్నాను, కాలేజీ పేరెందుకులెండి. ఇల్లు వదిలి ఉండటమే స్వతంత్రం అయితే మేం మహా స్వతంత్రులం. గేటుకి తాళం, ఆదివారం మాత్రం ఫోను, ర్యాంకుని బట్టి సెక్షన్ మారుస్తారు కాబట్టి స్నేహాలు కూడా వీక్లీ టెస్టు చెప్పినట్టు. రెండేళ్ళలో రైలు టికెట్టు సొంతంగా కొన్నది లేదు. గురుకులం పిల్లలూ హాస్టల్ పిల్లలే, కాకపోతే వాళ్ళకి ఎవరో గేటు తీశారు.

ఇంతటితో ఆపితే కథ బాగుండేది. కానీ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన సరిగ్గా రెండు వారాలకి, 2014 జూన్ 8 సాయంత్రం బియాస్ సంఘటన జరిగింది. సార్ పాస్ కి వెళ్ళేవాళ్ళు కసోల్ లో చూసే పార్వతి నది భుంతర్ దగ్గర బియాస్ లో కలుస్తుంది. అక్కడి నుంచి కిందికి వస్తే లార్జీ డ్యాం. ఆ దిగువన థలౌట్ దగ్గర హైదరాబాద్ వి.ఎన్.ఆర్.విజ్ఞాన జ్యోతి కాలేజీ విద్యార్థులు స్టడీ టూర్ లో భాగంగా ఆగి, నది మధ్య రాళ్ళ మీదకి ఫోటోల కోసం దిగారు. పైన డ్యాం గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళ వెంట ఉన్న టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. శవాల కోసం వారాల తరబడి వెతికారు. హిమాచల్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుని, 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇమ్మంది. ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు, కాలేజీ, ప్రభుత్వం కలిసి పంచుకోవాలని చెప్పింది, అందరికంటే ఎక్కువ వాటా బోర్డుకే వేసింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పదమూడేళ్ళ పిల్ల 8,848 మీటర్లు ఎక్కి దిగి వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్లలు రోడ్డు పక్కన నదిలో పోయారు. వయసుతోనో తెలివితోనో వచ్చిన తేడా కాదిది. ఒక చోట నెలల తరబడి వడపోత, ప్రతి మెట్టు దగ్గర వెనక్కి పంపే వీలు, పక్కన తెలిసినవాడు. అయినా అదృష్టం కూడా కలిసొచ్చిందనుకోండి, ఎవరెస్టు మీద దాన్ని కాదనలేం. రెండో చోట నది ఎప్పుడు పెరుగుతుందో చెప్పే మనిషే లేడు. నిస్సయం అన్నది ఇదే.

మనవాళ్ళు దీన్నుంచి నేర్చుకున్నది మాత్రం వేరు. టూర్లు మానేస్తే సరి! నేను చేరిన ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళలో ఒక్క టూర్ కూడా వెయ్యలేదు. అడిగితే "బియాస్ తెలుసుగా" అనేవారు. దారి తెలిసినవాడిని వెంట ఇచ్చి పంపే ఖర్చు కంటే పంపకపోవడం చవక. బండి నడపడం రానివాడికి లైసెన్సు ఆపడం బానే ఉంది, నేర్పే స్కూళ్ళు కూడా మూసేస్తే ఎలా? నాలుగేళ్ళ తర్వాత అదే పిల్లలు ఉద్యోగం వచ్చి, చేతిలో డబ్బులుండి, లాంగ్ వీకెండ్ కి అయిదుగురు కలిసి తెలియని జలపాతాల దగ్గరికి పోతారు. వెంట ఎవరూ ఉండరు. అప్పుడు ఎవరూ ఆపలేరు కూడా.

భోజనాల దగ్గర ఉన్నాయనకి ఇదంతా చెప్పలేదు, రెండు మాటలు మాత్రం చెప్పాను. తీసుకెళ్ళేది ఎవరు, పిల్లాడు మధ్యలో వద్దంటే వెనక్కి తెచ్చే మనిషి ఉన్నాడా, ఎంతమందికి ఒక పెద్ద, ముందు ఒక రోజు నడక లాంటి చిన్నది ఏమైనా చేయించారా, ఇవి అడగమన్నాను. వయసు సంగతి తర్వాత చూడొచ్చు. కాకుల్ని తోలగలడా అని అడుగుదామనుకున్నాను గానీ, బాగోదని ఊరుకున్నాను.

పూర్ణ 2022లో దెనాలీ కూడా ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. 2017లో రాహుల్ బోస్ ఆమె మీద సినిమా తీశాడు. అంతా బానే ఉంది గానీ నాకు ఎక్కువ ఆసక్తి ఆ మిగతా వంద మంది మీద. భువనగిరి బండ దగ్గర ఆగిపోయినవాళ్ళు, డార్జిలింగ్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళు. పద్నాలుగు పదిహేనేళ్ళకి హాస్టల్ స్నేహితులతో కలిసి తాడు కట్టుకుని, ఒకరి బరువు ఒకరు ఆపిన పిల్లలు. వాళ్ళ మీద ఎవరూ సినిమా తీయలేదు. ఇప్పుడు వాళ్ళందరికీ పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఎవరో ఒకరు మన టీముల్లోనే ఎక్కడో కూర్చుని ఉన్నా ఆశ్చర్యం లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, వాళ్ళతో ఒక పూట కూర్చుని మాట్లాడాలని ఉంది.