మాటలో దాగిన ఒళ్ళు

ఇన్‌కార్పొరేషన్ అనగానే మనకి గుర్తొచ్చేది కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. కానీ ఆ మాట లోపల ఒక ఒళ్ళు దాగుంది. లాటిన్‌లో ‘కార్పుస్’ అంటే శరీరం. దాన్నుంచి వచ్చిన ‘ఇన్‌కార్పొరారే’ అంటే ఒంట్లో కలుపుకోవడం, ఒకే ఒళ్ళుగా చేయడం. ఇంగ్లీషులో శవాన్ని ‘కార్ప్స్’ అనేదీ ఆ వేరు నుంచే.

ఈ పోలికని చట్టం నిజం చేసేసింది. 1600 డిసెంబర్ 31న మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టర్‌తో లండన్ వర్తకులు కొందరు ఈస్టిండియా కంపెనీ అనే ఒకే ఒళ్ళయ్యారు. సభ్యులు పోయినా ఆ ఒళ్ళు ఉంటుంది. 1611లో అది మచిలీపట్నంలో దిగింది. మనవాళ్ళు దాన్ని కుంఫిణీ అన్నారు.

1612లో సటన్స్ హాస్పిటల్ కేసులో ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయమూర్తి తేల్చిందేమిటంటే, కార్పొరేషన్‌కి ఆత్మ లేదు కాబట్టి దాన్ని చర్చి వెలివేయలేదు, దానిమీద రాజద్రోహం మోపలేం. 1897లో సాలమన్ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ ఇంకో అడుగు వేసింది: కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు, కంపెనీ అప్పులు అతని మెడకి చుట్టుకోవు.

కుంఫిణీ 1874లో రద్దయింది. పద్ధతి మిగిలింది. కంపెనీ భూమి కొంటుంది, దావా వేస్తుంది, జరిమానా కడుతుంది. జైలుకి మాత్రం పోలేదు. మరి ఆ ఒళ్ళు చేసిన తప్పుకి ఎవరి చేతులకి సంకెళ్ళు వేయాలి? కోర్టులు ఇప్పటికీ కేసు కేసుకీ వెతుక్కుంటున్న జవాబు అదే.