ప్రయోగశాలల డిజిటలీకరణ: చరిత్ర, చిక్కులు

ప్రయోగశాలలో కొలతలు తీయడం, లెక్కకట్టడం, దాచడం, పంచుకోవడం వంటి పనులను కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చడాన్ని ప్రయోగశాలల డిజిటలీకరణ అంటారు. 1960లలో ఊపందుకున్న ఈ మార్పు ఇప్పటికీ పూర్తి కాలేదు. యంత్రాలు త్వరగానే మారాయి. కాగితం మీది అంకెకున్న నమ్మకం తెరమీది అంకెకు రావడానికే ఎక్కువ కాలం పట్టింది.

కాగితపు కాలం

ల్యాబ్ నోట్‌బుక్‌లో పేజీలకు వరుస సంఖ్యలుంటాయి. తప్పు రాస్తే చెరపకూడదు. పాత అంకె కనబడేలా ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం చేసి తేదీ వేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో ఆ పేజీయే చెబుతుంది. లెక్కలు కూడా చేతిపనే. క్రొమాటోగ్రఫీ యంత్రం గీసిన శిఖరాన్ని కత్తెరతో అంచు వెంబడి కత్తిరించి, ఆ కాగితం ముక్కను తూచి, బరువును బట్టి పదార్థం పాళ్లు తేల్చిన రోజులున్నాయి.

యంత్రాల రాక

లియోనార్డ్ స్కెగ్స్ రూపొందించిన ఆటోఎనలైజర్‌ను 1957లో టెక్నికాన్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. రక్త నమూనాలను అది వరసపెట్టి పరీక్షించేది, ఫలితాన్ని మాత్రం గ్రాఫు కాగితం మీదే గీసేది. 1962లో ఎంఐటి లింకన్ ప్రయోగశాలలో వెస్లీ క్లార్క్, చార్లెస్ మోల్నార్ తయారుచేసిన ‘లింక్’ కంప్యూటర్, శాస్త్రవేత్త తన ప్రయోగం పక్కనే పెట్టుకుని స్వయంగా నడుపుకోగలిగినది. 1980లలో నమూనాల రాకపోకలను, ఫలితాలను నమోదు చేసే ‘లిమ్స్’ సాఫ్ట్‌వేర్‌లు అమ్మకానికి వచ్చాయి.

అప్పుడే కొత్త చిక్కు మొదలైంది. ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకం ఫైలు ఇచ్చేది, ఒకదాని ఫైలు మరోదానిలో తెరుచుకునేది కాదు. ఆసుపత్రి సమాచారం కోసం 1987లో హెచ్ఎల్7 ప్రమాణాల కృషి, పరీక్షల పేర్లకు ఉమ్మడి సంకేతాలిచ్చేందుకు 1994లో లోయింక్ మొదలయ్యాయి. పరిశోధన డేటాను ఇతరులూ వెతికి వాడుకునేలా ఉంచాలనే ‘ఫెయిర్’ సూత్రాలు 2016లో వెలువడ్డాయి.

నమ్మకం సమస్య

కంప్యూటర్ ఫైలులో అంకె మారిస్తే కొట్టివేత గీత కనిపించదు. ఒకే పాస్‌వర్డును నలుగురు వాడితే ఎవరు మార్చారో తేలదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ‘పార్ట్ 11’ నిబంధనలు తెచ్చింది. ప్రతి మార్పునూ సమయంతో సహా నమోదుచేసే ఆడిట్ ట్రయల్, ఎలక్ట్రానిక్ సంతకం వీటిలో ముఖ్యమైనవి. నోట్‌బుక్‌లోని కొట్టివేత గీత, పొడి సంతకం చేసే పనినే ఇవి కంప్యూటర్లో చేస్తాయి. అమెరికాకు మందులు ఎగుమతి చేసే హైదరాబాద్, విశాఖపట్నం ప్రాంతాల కంపెనీల ల్యాబ్‌లకూ ఈ నిబంధనలు వర్తిస్తాయి.

సాఫ్ట్‌వేర్ తెచ్చిన తిప్పలు

ఎక్సెల్‌లో ‘మార్చ్1’ అనే జన్యువు పేరు టైపు చేస్తే, అది మార్చి 1వ తేదీగా మారిపోయేది. ఈ గోలను 2004లోనే పరిశోధకులు బయటపెట్టారు. చివరికి 2020లో జన్యువుల పేర్లు ఖరారుచేసే సంఘం ఆ పేరును ‘మార్చ్ఎఫ్1’గా మార్చింది. తేదీగా మారకుండా ఆపే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో కల్పించింది. 2020లోనే ఇంగ్లండులో పాత ఎక్సెల్ ఫైలు 65,536 వరుసల పరిమితి వల్ల 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఆలస్యంగా చేరాయి.

నేటి స్థితి

యంత్రం ఆయుష్షు దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కన్నా ఎక్కువ. విండోస్ ఎక్స్‌పీకి 2014లో మద్దతు ఆగిపోయినా, దానిమీదే నడిచే ఖరీదైన పరికరాలను పారేయలేక నెట్‌వర్క్‌కు దూరంగా వాడుకున్నారు. ఎలక్ట్రానిక్ త్రాసు ఇచ్చే చీటీని నోట్‌బుక్‌లో అంటించి, సగం చీటీ మీద, సగం పేజీ మీద పడేలా సంతకం చేసే అలవాటు చాలా ల్యాబ్‌లలో ఉంది. ఆ చీటీ మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి కనుక, దానికి జిరాక్స్ తీసి పక్కనే అంటిస్తారు.