పతకం వెనుక నంబరు

కొత్త స్టీలు గిన్నె కొంటే మనం ముందు పేరు కొట్టిస్తాం కదా, పేరంటంలో తారుమారైనా మనది మనకు చేరుతుందని! రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ ప్రభుత్వం తన సైనికులకిచ్చిన ఆర్డర్ల వెనుక పేరు లేదు, నంబరుంది.

1991లో ఆ దేశం ముక్కలై రూబుల్ విలువ పడిపోయాక, తాతల ఛాతీ మీద మెరిసినవి మాస్కోలో అర్బాత్ వీధి బల్లల మీదికి వచ్చాయి. కొన్నవాళ్ళలో కొందరు నంబరు పట్టుకుని మనిషిని వెతికారు. పొదోల్స్క్‌లోని రక్షణశాఖ పత్రాగారంలో ఆ నంబరుకు పేరూ, ఏ సాహసానికి ఇచ్చారో ఆ వివరమూ దొరుకుతాయి. పేరు తెలిస్తే చాలు, 2010 నుంచి ఆ సిఫారసు కాగితాలు కంప్యూటరులో ఉచితంగా చూడవచ్చు. జర్మనీపై విజయానికి ఇచ్చిన పతకం మాత్రం సుమారు కోటిన్నర మందికి దక్కింది. దానికి నంబరు లేదు. పతకం చేతిలో ఉన్నా మనిషి దొరకడు.

ఆ కాగితాల్లో ఆడవాళ్ళూ ఉన్నారండీ! 1943లో పెట్టిన గ్లోరీ ఆర్డరు మూడు తరగతులూ అందుకున్న స్త్రీలు నలుగురే. వారిలో నీనా పెత్రోవా 1893లో పుట్టింది. మన ఇళ్ళలో అత్తగారయ్యే వయసులో, 48 ఏళ్ళకు, తుపాకి పట్టింది. వందమందికి పైగా గురిచూసి కొట్టిందని లెక్క. యుద్ధం ఇంకో వారంలో ముగుస్తుందనగా 1945 మే మొదట్లో లారీ ప్రమాదంలో పోయింది. మొదటి తరగతి ఆర్డరు ఆ తరువాతే వచ్చింది.

రష్యాలో వీటిని అమ్మడం, కొనడం నేరం. అయినా దేశాలు దాటాయి. నన్నడిగితే, వెండికోసం కరిగించినవాడికన్నా కొని పేరు వెతికినవాడు నయం. పేరు దొరికాక ఇంటివాళ్ళకు తిరిగి ఇచ్చినవారూ ఉన్నారు, గాజు పెట్టెలోనే ఉంచుకున్నవారూ ఉన్నారు.