గాజర్ నుంచి గోడమీది తెర దాకా

గోడకు తగిలించిన టీవీ, చేతిలోని ఫోను... పల్చటి తెర చూసి ఇప్పుడెవరూ హైరాన్ కారు. కానీ దాని కిస్సా 1888లో, ప్రాగ్ నగరంలో, గాజర్‌తో మొదలైందంటే మాత్రం తాజ్జుబే. అవును, మనం హల్వా చేసుకునే గాజరే, క్యారెట్.

ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన కొలెస్ట్రాల్‌తో తయారైన పదార్థాన్ని వేడి చేశాడు. 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుమబ్బుగా అయింది. 178 డిగ్రీల దగ్గర మళ్ళీ మారి, నీళ్ళలా తేటపడింది. ఒక్క పదార్థం రెండుసార్లు కరగడమేమిటి? పరేషానై జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఒట్టో లేమన్‌కు ఖత్ రాశాడు. పారడం ద్రవంలా, కాంతితో వ్యవహారం స్ఫటికంలా అని లేమన్ తేల్చాడు. అదే ద్రవ స్ఫటికం, లిక్విడ్ క్రిస్టల్. దీంతో ఫాయిదా ఏమిటన్న సవాల్‌కు 80 ఏళ్ళ దాకా గట్టి జవాబు దొరకలేదు.

1968లో అమెరికన్ కంపెనీ ఆర్‌సీఏ, జార్జ్ హైల్‌మయర్ బృందం చేసిన ఎల్‌సీడీని దునియాకు చూపింది. చూపించి, పక్కన పెట్టింది. ఎందుకంటే ఆ కంపెనీ దౌలత్ అంతా పిక్చర్ ట్యూబుల మీదే. తన దుకాణానికి తానే తాళం వేసుకునే సరుకును ఏ సేఠ్ అమ్ముతాడు? అక్కడే పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిష్ దగ్గర ఇంకా మేలైన ఖయాల్ ఉంది. రెండు గాజు పలకల మధ్య అణువులను మెట్లమెట్లుగా 90 డిగ్రీలు మెలితిప్పితే, కాంతి కూడా వాటితోపాటే తిరిగి బయటికొస్తుంది. వోల్టేజీ ఇస్తే అణువులు నిటారవుతాయి, కాంతి ఆగిపోతుంది. అక్కడ దానికి కదర్ దక్కలేదు. స్విట్జర్లాండ్ వెళ్ళి, మార్టిన్ షాట్‌తో కలిసి 1970లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ కూడా అదే దావా వేశాడు, ఆ ఝగడా చాలాకాలం నడిచింది.

ఇంగ్లండ్‌లో జార్జ్ గ్రే మామూలు గది వేడిలోనూ నిలకడగా ఉండే పదార్థాలు తయారుచేశాడు. నా నజర్లో ఈ కిస్సాలో అందరికన్నా తక్కువ ఇజ్జత్ దక్కింది ఆయన మెహనత్‌కే. జపాన్ షార్ప్ కంపెనీ 1973లోనే ఎల్‌సీడీ కాలిక్యులేటర్ బజార్లోకి తెచ్చింది, 1988కల్లా 14 అంగుళాల రంగుల తెర చేసి చూపింది.

ఇందులో మన ముల్క్ హిస్సా కూడా ఉంది. 1977లో, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం బిళ్ళల్లాంటి అణువులతోనూ ద్రవ స్ఫటికం ఏర్పడుతుందని కనుక్కొంది. (నోబెల్ చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు. ఇద్దరూ సి.వి. రామన్‌కు దగ్గరి చుట్టాలే.) అప్పటిదాకా తెలిసినవన్నీ పుల్లల్లాంటి అణువులే. పాత ల్యాప్‌టాప్‌ను పక్కనుంచి చూస్తే బొమ్మ వెలిసిపోయేది, గుర్తుందా? ఆ బీమారీకి జపాన్‌లో చేసిన పల్చటి ఫిల్మ్‌లో వాడిన దవా ఆ బిళ్ళల రకమే.