రైలు నీడలో పెరిగిన బస్సు: హైదరాబాద్ నగర రవాణా వ్యవస్థ సంస్థాగత చరిత్ర

హైదరాబాద్ ప్రజా రవాణా చరిత్ర సాధారణంగా 1932లో మొదలవుతుంది. 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైన ఒక చిన్న శాఖ కాలక్రమంలో వేలాది బస్సుల కార్పొరేషన్‌గా ఎదిగి, 1999లో ప్రపంచంలోనే అత్యధిక బస్సులున్న సంస్థగా గిన్నిస్ గుర్తింపు పొందిన వైనం అందులో ప్రధానాంశంగా నిలుస్తుంది. ఆ వృద్ధి వాస్తవమే, దాని వెనుక ఉన్న కార్మికుల శ్రమ అసాధారణమైనదే. అయితే తొమ్మిది దశాబ్దాల ఈ ప్రయాణంలో హైదరాబాద్ నగర బస్సుకు తనదంటూ ఒక సంస్థ ఎన్నడూ ఏర్పడలేదన్న సంగతి ఈ కథనంలో మరుగున పడుతుంది. నగర బస్సు మొదట రైల్వేకు అనుబంధంగా, తర్వాత ప్రభుత్వ శాఖలో భాగంగా, ఆపైన రాష్ట్రవ్యాప్త కార్పొరేషన్‌లో ఒక రీజియన్‌గా మనుగడ సాగించింది. నగర రవాణాకు దక్కిన బలం, దానికి పట్టిన చిక్కులు రెండూ ఈ స్థితి నుంచే పుట్టాయన్నది ప్రస్తుత వ్యాసం ప్రతిపాదన.

బస్సు రైల్వే చేతికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే నిజాం రైల్వే యాజమాన్యంలో వచ్చిన మార్పును గమనించాలి. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో వేసిన రైలు మార్గం క్రమంగా విస్తరించి, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే ఆంగ్ల కంపెనీ నిర్వహణలోకి వెళ్లింది. గ్యారంటీ అంటే, కంపెనీ వాటాదారులకు పెట్టుబడి మీద నిర్ణీత వడ్డీ అందేలా సంస్థాన ఖజానా హామీ పడటం. 1930లో నిజాం ప్రభుత్వం ఈ రైల్వేను కొనుగోలు చేయడంతో దాని లాభనష్టాలు నేరుగా ఖజానావే అయ్యాయి. సరిగ్గా ఆ కాలంలోనే దేశమంతటా ప్రైవేటు మోటారు బస్సులు రైలు పట్టాలకు సమాంతరంగా ఉన్న రోడ్ల మీద తిరుగుతూ రైల్వే రాబడికి గండి కొడుతున్నాయి. బ్రిటిష్ ఇండియాలో ఈ సమస్యపై మిచెల్–కర్క్‌నెస్ నివేదిక 1933లో వచ్చింది, బస్సులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. హైదరాబాద్ సంస్థానం అంతవరకు ఆగకుండా 1932 జూన్‌లోనే నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, పోటీదారుగా మారిన బస్సును రైల్వే యాజమాన్యానికే అప్పగించింది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ నిజాం ప్రభుత్వం భాగస్వామి కావడాన్ని దీనితో కలిపి చూస్తే, పట్టాలు, రోడ్డు, ఆకాశం మూడింటినీ ఒకే ఏలుబడి కింద ఉంచాలన్న ఆలోచన ఆనాటి పాలకవర్గంలో ఎంత బలంగా ఉండేదో తెలుస్తుంది.

అందువల్ల ఈ శాఖ పుట్టుకకు ప్రధాన ప్రేరణ నగరవాసుల రాకపోకల అవసరం కంటే రైల్వే ఆదాయ రక్షణ అని చెప్పడమే సమంజసం. బొంబాయి, మద్రాసు నగరాల్లో బస్సు రాకముందే ట్రాము కంపెనీలు ఉండేవి కనుక, నగరం లోపలి ప్రయాణమే ఒక ప్రత్యేక వ్యాపారమన్న అవగాహన అక్కడ పందొమ్మిదో శతాబ్దం నుంచే స్థిరపడింది. అటువంటి పునాది లేని హైదరాబాద్‌లో నగర సర్వీసు, జిల్లా సర్వీసు ఒకే శాఖ నుంచి, ఒకే సిబ్బందితో, ఒకే పద్దుతో మొదలయ్యాయి. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు తొలి వాహనాలు. గౌలిగూడలో మూసీ ఒడ్డుకు చేరువలో, విమానాల కోసం కట్టించినదని చెప్పే అర్ధవృత్తాకారపు భారీ రేకుల హ్యాంగర్ బస్సుల నెలవైంది. నడుమ స్తంభాలు లేని ఆ విశాలమైన కప్పు కింద దశాబ్దాల పాటు జిల్లాల బస్సులు ఆగాయి. 1990లలో మూసీ మధ్య ఇమ్లీబన్ వద్ద మహాత్మా గాంధీ బస్ స్టేషన్ ఏర్పడ్డాక అది నగర సర్వీసుల వాడుకలో మిగిలి, చివరకు 2018 జూలైలో కూలిపోయింది. హైదరాబాద్ రవాణా చరిత్రకు మిగిలిన అతి పెద్ద భౌతిక సాక్ష్యాన్ని ఎవరూ కాపాడుకోకపోవడం విచారకరం.

సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక 1950–51 నాటికి రైల్వే కేంద్రం పరమైంది, బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి మిగిలాయి. రెండూ విడిపోయినట్టు కనిపించినా రైల్వే ముద్ర అంత తేలికగా చెరగలేదు. 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్పొరేషన్ల మూలధనంలో రాష్ట్రంతో పాటు కేంద్రం కూడా వాటా పెట్టవచ్చు. ఆ కేంద్ర వాటా రైల్వేల ద్వారా వచ్చేది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత, 1958 జనవరి 11న ఇదే చట్టం కింద ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ, అంటే ఏపీఎస్ఆర్టీసీ, ఏర్పడింది. కేంద్ర వాటా అనే ఈ సాంకేతికాంశం ఆరు దశాబ్దాల తర్వాత న్యాయస్థానంలో మళ్లీ తలెత్తింది.

కొత్త కార్పొరేషన్ దృష్టి సహజంగానే జిల్లాల మీద పడింది. తెలంగాణలో బస్సు నిజాం కాలం నుంచే ప్రభుత్వానిది. కృష్ణా, గుంటూరు వంటి కోస్తా జిల్లాల్లో మాత్రం ప్రైవేటు యజమానులే రూట్లను నడిపేవారు. ఒక సంస్థానం తన రైల్వే ప్రయోజనం కోసం అల్లుకున్న ప్రభుత్వ గుత్తాధిపత్యం అనే నమూనా, భాషా ప్రాతిపదికన ఏర్పడిన ప్రజాస్వామిక రాష్ట్రంలో జాతీయీకరణ విధానంగా కోస్తాకూ రాయలసీమకూ విస్తరించడం తెలుగు ప్రాంతాల పాలనా చరిత్రలో తగినంత పరిశీలనకు నోచుకోని ఘట్టం. ఈ విస్తరణ సాఫీగా సాగలేదు. కృష్ణా జిల్లా బస్సు యజమానులు వేసిన కేసులో 1958లో సుప్రీంకోర్టు, అభ్యంతరాలను ఒకరు విని నిర్ణయం మరొకరు తీసుకోవడం సహజ న్యాయానికి విరుద్ధమని తేల్చింది. భారత పాలనా న్యాయశాస్త్రంలో నేటికీ పాఠ్యాంశంగా నిలిచిన తీర్పు అది. కర్నూలు జిల్లా రూట్ల జాతీయీకరణపై వచ్చిన మరో తీర్పులోని వ్యాఖ్యల నేపథ్యంలో 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఒక ముఖ్యమంత్రి పదవినే కదిలించగలిగిన బస్సు రాజకీయం మొత్తం జిల్లాల రూట్ల చుట్టూ తిరిగింది. రాజధాని నగర సర్వీసులు వివాదం లేనివి కావడం వల్లనే చర్చకు కూడా రాలేదు.

చర్చ లేకపోయినా విస్తరణ జరిగింది, అదీ చెప్పుకోదగ్గ స్థాయిలో జరిగింది. రాష్ట్రవ్యాప్త సంస్థ వర్క్‌షాపులు, సిబ్బంది శిక్షణ, కొనుగోలు శక్తి అండగా ఉండటం వల్ల నగరం కొత్తగా పాకిన ప్రతి దిక్కుకూ, కాలనీ ఏర్పడిన కొంతకాలానికే బస్సు చేరగలిగింది. ఆ విస్తరణ తీరు రూట్ల నంబర్లలోనే నమోదై ఉంది. నంబరు ప్రధాన దారిని సూచిస్తే, దాని పక్క అక్షరం చాలాచోట్ల గమ్యాన్ని సూచిస్తుంది. 65జి గోల్కొండకు, 127కె కొండాపూర్‌కు, 218డి దిల్‌సుఖ్‌నగర్‌కు, డబుల్ డెక్కర్‌కు పేరుపడిన 7జడ్ జూపార్కుకు నడిచేవి. నగరం ఒక దారి చివర కొత్త కొమ్మ వేసినప్పుడల్లా పాత నంబరుకు కొత్త అక్షరం చేరింది. ప్రణాళికా పత్రాల్లో లేని నగర వృద్ధిని ఈ నంబర్ల వరుస నుంచి తిరిగి గీయవచ్చుననడం అతిశయోక్తి కాదు. పాతబస్తీ ఇరుకు దారుల్లో, పెద్ద బస్సు తిరగలేని చోట, జంటనగరాల నిరుద్యోగ యువతకు ఉపాధి కోసం 1978లో ఏర్పడిన సెట్విన్ సంస్థ మినీ బస్సులు కొంత లోటు తీర్చాయి. నిజాం కాలం నాటి వారసత్వమైన డబుల్ డెక్కర్లు మాత్రం 2000 దశకం తొలి సంవత్సరాల్లో రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి.

నగర సర్వీసు నష్టాల్లో ఉంటుందన్న మాట ఆర్టీసీ పరిభాషలో ఎలా రూపుదిద్దుకుంటుందో ఇక్కడ వివరంగా చూడటం అవసరం. డిపో పనితీరును కొలవడానికి సంస్థ ప్రధానంగా రెండు కొలమానాలు వాడుతుంది. ఒకటి ఓఆర్, అంటే ఆక్యుపెన్సీ రేషియో: బస్సులో ఉన్న సీట్ల అవకాశంలో ఎంత శాతం ప్రయాణికులతో నిండిందో చెప్పే లెక్క. రెండోది ఈపీకే: బస్సు తిరిగిన ప్రతి కిలోమీటరుకు వచ్చిన రాబడి. ఈ రెండు కొలమానాలూ దూరప్రాంత సర్వీసుకు సరిగ్గా సరిపోతాయి. నగర సర్వీసులో పొద్దున ఒక దిశలో ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన బస్సే తిరుగు ట్రిప్పులో సగం ఖాళీగా వస్తుంది, ప్రయాణికుల్లో పెద్ద భాగం రాయితీ పాసులున్న విద్యార్థులు, చాలామంది దిగేది నాలుగైదు స్టాపుల లోపే. అన్నిటికంటే ముఖ్యమైన అంశం వేగం. రాబడి కిలోమీటర్ల లెక్కన వస్తుంది, డ్రైవరు, కండక్టరు జీతం గంటల లెక్కన పోతుంది. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలిచిన బస్సుకు డీజిలూ జీతమూ ఖర్చవుతాయి, కిలోమీటరు మాత్రం కదలదు. రోడ్డు వెడల్పు నగరపాలక సంస్థ చేతిలో, సిగ్నళ్లు ట్రాఫిక్ పోలీసుల చేతిలో, కాలనీల అనుమతులు పట్టణాభివృద్ధి సంస్థ చేతిలో ఉండగా, వారందరి నిర్ణయాల వల్ల పుట్టిన రద్దీ మూల్యం చివరకు ఆర్టీసీ సిటీ డిపో పద్దులో నష్టంగా నమోదవుతుంది. ఆ నష్టానికి డిపో మేనేజరు సంజాయిషీ ఇస్తాడు. నిజానికి అది నగరం తన బస్సుకు చెల్లించకుండా వదిలేసిన బాకీ.

ఇతర నగరాలు ఈ బాకీని వేరువేరు రీతుల్లో పరిష్కరించుకున్నాయి. బొంబాయిలో విద్యుత్తు, రవాణా రెండూ చూసే సంస్థ 1947లో నగరపాలక సంస్థ పరమై, చాలాకాలం విద్యుత్ మిగులుతో బస్సుల లోటు పూడ్చుకుంది. మద్రాసులో 1972లో పల్లవన్ రవాణా సంస్థ నగరానికి విడిగా ఏర్పడింది. హైదరాబాద్‌తో పోల్చదగిన స్థితిలో ఉన్న బెంగళూరు కూడా, రాష్ట్ర సంస్థలో భాగంగా ఉన్న నగర విభాగాన్ని 1997 ఆగస్టులో బీఎంటీసీగా వేరు చేసింది. అదే దశకంలో హైదరాబాద్ వేగంగా ఐటీ నగరంగా మారుతున్నా, ఏపీఎస్ఆర్టీసీలో నగరం ఒక రీజియన్‌గానే కొనసాగింది. ఈ కొనసాగింపులో సమర్థించదగిన తర్కం లేకపోలేదు. దూరప్రాంత సర్వీసుల మిగులు నగరంలోని పేద ప్రయాణికునికి చేరాలంటే రెండూ ఒకే సంస్థలో ఉండాలి. విడిపోయిన నగర సంస్థకు ఆ అండ ఉండదు. కాని జిల్లా ప్రయాణికుని టికెట్ డబ్బుతో రాజధాని రద్దీ ఖర్చు తీర్చడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న కూడా అంతే బలమైనది.

నగరానికి రైలు తిరిగి వచ్చినప్పుడు ఈ సంస్థాగత లోపం మరింత స్పష్టమైంది. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యంతో వచ్చినా వాటిని నడిపేది దక్షిణ మధ్య రైల్వే. 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మొదలై, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంతో 69 కిలోమీటర్లకు చేరిన మెట్రో, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఎల్ అండ్ టీ చేతుల మీదుగా వచ్చింది. 1932లో రైలును, బస్సును ఒకే శాఖ నడిపిన నగరంలో ఇప్పుడు ఒకే ప్రయాణం మూడు యాజమాన్యాల, మూడు టికెట్ల వ్యవహారమైంది. వీటిని సమన్వయపరచడానికి 2008 నాటి హెచ్ఎండీఏ చట్టంలో ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థకు చోటు కల్పించినా, బస్సుల షెడ్యూలు మీదగాని, రైళ్ల వేళల మీదగాని, నిధుల మీదగాని దానికి నిజమైన పట్టు చిక్కలేదు.

రాష్ట్ర విభజన తర్వాత 2015లో రెండు రాష్ట్రాల సర్వీసుల నిర్వహణ వేరుపడి, 2016లో తెలంగాణకు చట్టబద్ధంగా ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది. నగర సర్వీసుల నష్టాన్ని గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ భరించాలన్న ఆలోచన ఈ దశలోనే మొదటిసారి ఆచరణకు వచ్చింది. కొంత మొత్తం చెల్లింపు జరిగి ఆగిపోయింది. 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 వరకు దాదాపు 48 వేల మంది కార్మికులు సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ప్రధాన డిమాండుతో చేసిన సమ్మె సందర్భంగా, ఈ బకాయి హైకోర్టు ముందుకు వచ్చింది. చెల్లించడం నగరపాలక సంస్థ బాధ్యతా, లేక స్తోమత ఉన్నప్పుడు చేసే సాయమా అన్న వాదన నడిచింది. అదే విచారణలో, ఏపీఎస్ఆర్టీసీలో తనకున్న సుమారు మూడో వంతు వాటా కొత్త తెలంగాణ సంస్థకు దానంతటదే బదిలీ కాలేదని కేంద్రం చెప్పడంతో, రైల్వే మూలధనం నాటి పాత ముడి అందరికీ గుర్తుకొచ్చింది. సమ్మె ముగిశాక ఖర్చు తగ్గింపు పేరుతో నగరంలో వందల బస్సులు తగ్గాయి. సంస్థ నష్టాలకు మొదట కోత పడింది నగర ప్రయాణికుని మీదనే.

2023 ఆగస్టులో ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వ సర్వీసులోకి తీసుకునే బిల్లును శాసనసభ ఆమోదించింది. అదే ఏడాది డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఉచిత ప్రయాణం మొదలైంది. టికెట్లు జారీ చేసే టిమ్ యంత్రం నుంచి కండక్టరు తీసి ఇచ్చే జీరో టికెట్ ప్రయాణికురాలికి ఉచితమే అయినా, ఎంత ప్రయాణానికి ప్రభుత్వం సంస్థకు డబ్బు చెల్లించాలో తేల్చే పత్రం కూడా అదే. ఇళ్లలో పనికి, అడ్డా కూలికి, కాలేజీకి వెళ్లే లక్షలాది స్త్రీల ప్రయాణం మొదటిసారి ప్రభుత్వ పద్దులో ఒక హక్కుగా నమోదు కావడం ఈ చరిత్రలో నిస్సందేహంగా పెద్ద మలుపు. అయితే నగర బస్సు ఖర్చు టికెట్ పెట్టె నుంచి రాష్ట్ర బడ్జెట్‌కు మారిందే తప్ప, నగరపాలక సంస్థ పద్దులోకి ఇంకా రాలేదు. ఏ బస్తీకి ఏ నంబరు బస్సు ఎన్ని ట్రిప్పులు తిరగాలో నిర్ణయించే అధికారం నేటికీ ముషీరాబాద్ బస్ భవన్‌లోనే ఉంది. ఆ బస్తీ ఎన్నుకునే కార్పొరేటరుకు ఆ నిర్ణయంలో చట్టం కల్పించిన స్థానం లేదు.